గోడలోని తీగె, కాగితము మీది గీత

గృహనిర్మాణ చరిత్ర వ్రాసినవారు స్తంభములను, కమానులను, పైకప్పులను గూర్చి విపులముగా వ్రాసిరి. గోడలో దాగియున్న విద్యుత్తు తీగెను గూర్చియు, దానిని తెలుపవలసిన పటమును గూర్చియు వ్రాసినవారు తక్కువ. స్విచ్చి నొక్కగనే దీపము వెలుగుచున్నంత కాలము ఆ పటము మనకు జ్ఞప్తికి రాదు. గోడకు మేకు కొట్టవలసిన దినమున వచ్చును.

పటము లేకయే పని జరిగిన కాలమొకటి ఉండెను. ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1880లో తన క్రాగ్‌సైడ్ భవనమున స్వాన్ దీపములు వెలిగించెను. 1882 సెప్టెంబరు 4న ఎడిసన్ న్యూయార్కునందలి పెర్ల్ వీధి కేంద్రమునుండి సరఫరా ప్రారంభించెను. తొలినాటి ఇండ్లలో తీగెలు అనేకము చెక్కపట్టీలలో గోడవెంట కనబడుచునే పోయెడివి. మన యిండ్లలోను టేకు బద్దలపై క్లిప్పులతో బిగించిన తీగెలు చాలకాలము అట్లే ఉండెను. వాని త్రోవను పసివాడైనను వ్రేలితో చూపగలిగెడివాడు. తీగె గొట్టములో దూరి గోడలోనికి పోయిన పిమ్మటనే పటముతో నిజమైన పని పడెను.

విచిత్రమేమనగా, అట్లు వచ్చిన పటము తీగెను చూపలేదు. అమెరికా దేశపు ఇంటి పటమున వృత్తము, దానిని దాటు రెండు గీతలు ప్లగ్గునకు గుర్తు. ఎస్ అను అక్షరము స్విచ్చికి గుర్తు. స్విచ్చినుండి దీపమునకు ఒక తెగిన వంపుగీత సాగును. క్రొత్తగా చూచువారు అదియే తీగె పోవు మార్గమని భ్రమపడుదురు. కాదు, ఏ దీపము ఏ స్విచ్చికి లోబడునో చెప్పుటయే దాని పని. మార్గమును నిర్ణయించుట ఎలక్ట్రీషియనుకు విడువబడినది. గోడల తిన్నని గీతలతో కలిసిపోకుండుటకే దానిని వంపుగా గీయుదురు.

1963లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఐవాన్ సదర్లండ్ స్కెచ్‌ప్యాడ్ అను తన కార్యక్రమమును గూర్చి సిద్ధాంతవ్యాసము సమర్పించెను. టీఎక్స్-2 అను కంప్యూటరు తెరపై కాంతికలముతో గీయుట అతడు సాధించిన పని. గుర్తును మూలరూపముగా ఒకమారు గీచిన చాలును. దాని ప్రతులను ఎన్ని చోట్లనైనను ఉంచవచ్చును. మూలమును దిద్దిన ప్రతులన్నియు దిద్దుకొనబడును. విద్యుద్వలయముల పటములకు ఇంతకంటె తగిన సాధన మేమున్నది? అట్టి పటములు గీచియు చూచిరి. ఫలితము ఆశాభంగము. ఆ వలయము ఎట్లు పనిచేయునో లెక్కగట్టి చెప్పు శక్తి దానికి లేకుండుటచే, వట్టి బొమ్మకై అంత శ్రమ దండుగయని తేలెను. బొమ్మకంటె అధికమైనది లభించినప్పుడే కంప్యూటరుపై గీయుట సార్థకమని సదర్లండే వ్రాసెను. అటుపై నడచిన చరిత్ర యంతయు ఆ మాటకు వ్యాఖ్యానమేయని మా అభిప్రాయము.

అయినను తొలుత గెలిచినది వట్టి బొమ్మయే. జాన్ వాకర్, అతని మిత్రులు కలసి 1982లో ఆటోడెస్క్ సంస్థను స్థాపించి, ఆ యేడే ఆటోకాడ్‌ను వెలువరించిరి. అందు గోడలొక పొర, విద్యుత్తు వేరొక పొర. పలుచని కాగితములను ఒకదానిపై నొకటి పరచినట్లే. ప్లగ్గు గుర్తునకు తాను ప్లగ్గునని తెలియదు. గోడను జరిపినచో అది గాలిలో నిలిచిపోవును. పటమును గీయుట గాక భవనమునే యంత్రమున కట్టవలెనని తలచినవారిలో బుడాపెస్టు నగరపు గ్రాఫిసాఫ్ట్ ముఖ్యము, వారిది ఆర్కీకాడ్. 2000లో వెలువడి 2002లో ఆటోడెస్క్ వశమైన రెవిట్ కూడ ఆ మార్గముననే నడచినది. దానిలో ప్లగ్గు గోడను ఆశ్రయించి గోడతో కదలును. తానే సర్క్యూటునకు చెందినదో, దానిపై ఎంత భారము పడునో చెప్పగలదు. సదర్లండ్ కోరిన అధికఫలము ఇట్టిదే.

అయితే ఈ సత్యసంధతయే చిక్కు తెచ్చిపెట్టినది. నేలకు అడుగెత్తున ప్లగ్గు, సరిగా దానిపైన నాలుగడుగుల యెత్తున స్విచ్చి ఉన్నవనుకొందము. ఇంటిలో వానికి పేచీ లేదు. పైనుండి చూచు పటమున మాత్రము రెండును ఒకేచోట పడి ఒకదాని నొకటి కప్పివేయును. చేతితో గీచు పనివాడు ఒకదానిని కొంచెము ప్రక్కకు గీచెడివాడు. ఆ చిన్న అసత్యము చదువరికి మేలుచేసెడిది. నమూనాలో అట్లు చేసిన ప్లగ్గే జరిగి కొలత తప్పును. అందుచే వస్తువును దాని తావున ఉంచి, గుర్తును మాత్రము ఎడముగా చూపు ఉపాయములు పుట్టినవి. వంపుగీతను నేటికిని పలువురు నమూనాతో పొత్తులేని వట్టి గీతగనే గీయుచున్నారు. ఇండ్లకే ఉద్దేశింపబడిన చీఫ్ ఆర్కిటెక్ట్ స్విచ్చిని దీపముతో కలుపుటకు ప్రత్యేక సాధన మిచ్చినది. ప్లగ్గులను తానే అమర్చును. అమెరికా నియమావళి ననుసరించి నివాసపు గదులలో గోడవెంట ఏ చోటును ప్లగ్గునకు 6 అడుగులకంటె దూరముండరాదు గనుక, ఆ లెక్క యంత్రమునకు సులభము. మంచమెక్కడ వేయుదురో, రాత్రివేళ ఏ చేతికి స్విచ్చి అందవలెనో అది ఎరుగదు. అది ఇంటివారు చెప్పవలసినది.

ఇంత జరిగినను తీగె పోయిన త్రోవ ఇంటి పటమున కానవచ్చుట అరుదు. కొందరు యజమానులు గోడ పూయకమునుపే గొట్టములను ఫోటో తీసి ఉంచుకొనుచున్నారు. మేకు కొట్టువానికి రంగుల నమూనాకంటె అదియే నమ్మదగినది. మన పట్టణములలో ఎన్నియో యిండ్లకు నేటికిని పటమనగా ఎలక్ట్రీషియను సుద్దముక్కతో గోడమీద పెట్టిన గుర్తులే. వానివెంట గాడి కొట్టి, గొట్టము దూర్చి, సిమెంటు పూయుదురు. పూతతో ఆ గుర్తులును కనబడకుండ పోవును.