పాత ల్యాప్‌టాపు, కొత్త డిస్కు: అడాప్టరు కథ

సికింద్రాబాదు దండు ప్రాంతమునందలి బొలారము వేరు, సంగారెడ్డి జిల్లాలోని బొల్లారము వేరు. మనము ఇచ్చట ముచ్చటించునది రెండవదానిని గురించి. పటాన్‌చెరుతో కలిసి ఈ పారిశ్రామికవాడ 1970, 1980 దశకములలో పెరిగినది. మందులకు మూలమగు రసాయనములను తయారుచేయు కర్మాగారములు ఇచ్చట అనేకము కలవు.

మందుల పరీక్షాశాలలలో ద్రవ క్రోమటోగ్రాఫు వంటి విలువైన పరికరములు ఉండును. వానిని నడుపుటకు ఒక కంప్యూటరు కావలెను. పరికరము పదునైదు, ఇరువది ఏండ్లు చక్కగా పనిచేయగలదు. కాని దానిని నడుపు సాఫ్ట్‌వేరు తాను పుట్టిన కాలపు కంప్యూటరుపైననే నడచుట కద్దు. అందుచేత సీరియల్ పోర్టు గల పాత ల్యాప్‌టాపును అట్టిపెట్టుకొనవలసి వచ్చును. అట్టి ల్యాప్‌టాపులో ముందుగా అలసిపోవు భాగములలో హార్డు డిస్కు ఒకటి, ఏలననగా అది ఎడతెగక తిరుగు యంత్రభాగము. డిస్కు చెడినంత మాత్రమున ల్యాప్‌టాపునంతటిని తుక్కుక్రింద వేయవలెనా? అక్కరలేదు. ఎందుకు అక్కరలేదో తెలియవలెనన్న హార్డు డిస్కు చరిత్రను కొంచెము తెలిసికొనవలెను.

1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అను కంప్యూటరుతోపాటు ప్రపంచమున మొదటి హార్డు డిస్కును వెలువరించెను. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున ఇంజనీర్లు దీనిని నిర్మించిరి. రెండడుగుల వ్యాసము గల 50 పళ్లెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1200 చుట్లు తిరుగుచుండెను. పెద్ద బీరువా అంతటి ఈ యంత్రమున పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు చేతిఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకు ఇంచుమించు అంత చోటే కావలెను.

మన హైదరాబాదున 1967లో ఎ.ఎస్. రావుగారి సారథ్యమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడెను. అటుపిమ్మట టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లు అచ్చట తయారైనవి. పెద్ద కంప్యూటర్ల ఆ కాలమున ఒక సంస్థ డిస్కును మరొక సంస్థ కంప్యూటరునకు అతుకుట సామాన్యముగా సాధ్యము కాకుండెను. ఎవరి కేబులు వారిది, ఎవరి సంకేతములు వారివి.

1980లో, తరువాత సీగేట్ అని పేరుపడిన అమెరికా సంస్థ, అయిదుంబావు అంగుళముల చిన్న డిస్కును తెచ్చెను. దానిలో పట్టినది 5 మెగాబైట్లు. అయితే డిస్కును నడిపించు కంట్రోలరు డిస్కులో లేదు. అది కంప్యూటరులో వేరొక పలకపై ఉండెను. డిస్కు మారినచో కంట్రోలరును కూడ సరిచూచుకొనవలసి వచ్చెడిది. 1986 ప్రాంతమున కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ మొదలగు సంస్థలు ఈ కంట్రోలరును డిస్కుమీదికే తెచ్చినవి. దీనికి ఐ.డి.ఇ. అని పేరు. చూచుటకు చిన్న మార్పే కాని, ఫలము పెద్దది. ఇక కంప్యూటరునకు డిస్కులోపలి సంగతి తెలియనక్కరలేదు. “ఇన్నవ గడిలోనిది చదివి ఇమ్ము, ఇన్నవ గడిలో దీనిని వ్రాయుము” అని ఆజ్ఞాపించిన చాలును. ఈ ఆజ్ఞల సముదాయము 1994లో ఏ.టి.ఏ. అను పేర ప్రమాణముగా ఆమోదింపబడెను. ఆ ప్రమాణమును అనుసరించి ఎవరైనను డిస్కు చేయవచ్చును, ఎవరైనను కంప్యూటరు చేయవచ్చును.

1988లో ప్రెయిరీటెక్ అను సంస్థ రెండున్నర అంగుళముల డిస్కును తయారుచేసెను. ల్యాప్‌టాపులలో నిలిచినది ఈ కొలతయే. మేజా కంప్యూటరు డిస్కునకు 40 పిన్నులు, విద్యుత్తునకు వేరొక తీగ ఉండెను. ల్యాప్‌టాపు డిస్కులో విద్యుత్తు కొరకు మరి నాలుగు చేర్చి 44 పిన్నులు చేసిరి. 2003లో సాటా అను కొత్త పద్ధతి వెలువడెను. ఇందులో సమాచారమునకు 7, విద్యుత్తునకు 15 తాకుడు పట్టీలు కలవు. పాత పిన్నులు దీనిలో దూరవు. అయినను సాటాను రూపొందించినవారు ఏ.టి.ఏ. ఆజ్ఞలను అట్లే నిలుపుకొనిరి. మూతి మారెను గాని మాట మారలేదు. నేటి అడాప్టర్లకు ప్రాణము ఇదియే.

అడాప్టర్లు రెండు విధములు. బావివద్ద మూడు అంగుళముల మోటారునకు రెండున్నర అంగుళముల గొట్టమును కలుపుటకు రైతు రెడ్యూసరును వాడును. అది నీటిని మార్చదు, కొలతను మాత్రము సరిపుచ్చును. 1994లో శాన్‌డిస్క్ సంస్థ తెచ్చిన కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును పాత ల్యాప్‌టాపులో డిస్కుగా అమర్చు అడాప్టరు ఇట్టిది. ఆ కార్డునకు ఏ.టి.ఏ. మాట స్వయముగా తెలియును గనుక తీగలు కలిపిన చాలును. రెండవ విధము దుబాసి వంటిది. 44 పిన్నుల ల్యాప్‌టాపునకు సాటా జాతి ఫ్లాష్ డిస్కును కలుపు అడాప్టరులో ఒక చిన్న చిప్పు ఉండును. సమాంతరముగా వచ్చు సంకేతములను అది వరుసగా, వరుసగా వచ్చువానిని సమాంతరముగా మార్చి అందించును.

పాత ద్వారము నెమ్మదైనది గదా, కొత్త డిస్కు వలన లాభమేమని అడుగవచ్చును. లెక్క చూతము. నిమిషమునకు 5400 చుట్లు తిరుగు డిస్కునకు ఒక చుట్టునకు 11 మిల్లీసెకనులు పట్టును. కావలసిన గడి సూదిక్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా అయిదున్నర మిల్లీసెకనులు గడచును. సూది జరుగుటకు మరికొంత కాలము కావలెను. ఫ్లాష్ స్మృతిలో తిరుగునది లేదు, జరుగునది లేదు. మిల్లీసెకనులో పదవ వంతులోనే జవాబు వచ్చును. జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1980 దశకమున కనుగొన్న స్మృతి ఇది. ద్వారము పాతదైనను ఎదురుచూపు తగ్గుటచేత పాత యంత్రము చురుకుగా కదలును.

అయితే జాగ్రత్తలు కొన్ని కలవు. పాత ఏ.టి.ఏ. పద్ధతిలో గడి సంఖ్యను 28 బిట్లతో వ్రాసెడివారు. ఒక గడికి 512 బైట్ల చొప్పున ఇది 137 గిగాబైట్లకు చాలును. 2002 నాటి ప్రమాణము దీనిని 48 బిట్లకు పెంచెను. అంతకుముందరి ల్యాప్‌టాపులో పెద్ద డిస్కు పెట్టి హద్దు దాటి వ్రాసినచో ఉన్న సమాచారమే పాడగు ప్రమాదము కలదు. 120 గిగాబైట్ల డిస్కు అట్టి చోట క్షేమము. పాత డిస్కు పూర్తిగా మూగపోకముందే దాని నకలును కొత్తదానిపైకి ఎక్కించి, సరిచూచి, పాతదానిని కొంతకాలము భద్రపరచవలెను. బ్యాటరీ తీసిన పిదపనే మూత విప్పవలెను. మందుల కర్మాగారములలోనైతే ఇట్టి మార్పును ముందుగా అనుమతి పొంది, వ్రాతమూలముగా నమోదుచేసి, పరికరమును మరల పరీక్షించిన పిమ్మటనే వాడుకలోనికి తేవలెను.

ఈ కథ అన్నివేళల సుఖాంతము కాదు. 2011లో ఎన్.వి.ఎం.ఇ. అను కొత్త ఆజ్ఞల ప్రమాణము వెలువడెను. ఇది మిక్కిలి వేగవంతమైనది, కాని దీని మాట వేరు. ఎం.2 అను ఒకే ఆకారమున సాటా మాటాడు పలకలును, ఎన్.వి.ఎం.ఇ. మాటాడు పలకలును దొరకును. రెండవదానిని సామాన్యమైన అడాప్టరుతో పాత ల్యాప్‌టాపునకు తగిలించిన పని జరుగదు. కొనునప్పుడు ఆకారమును గాక మాటను విచారింపవలెను. మరికొన్ని పలుచని ల్యాప్‌టాపులలో స్మృతి చిప్పులను పలకకే సోల్డరు చేయుచున్నారు. అచ్చట అడాప్టరునకు చోటే లేదు. చిప్పు చెడినచో పలకయే మార్పవలసి వచ్చును.

పారవేసిన వస్తువు ఎక్కడికో ఒకచోటికి చేరక తప్పదు. ఈ సత్యమును బొల్లారము ఎరిగినట్లు ఎరిగిన ఊళ్లు తక్కువ. అచ్చటి కష్టము కంప్యూటరు తుక్కు వలన కాక, రసాయన వ్యర్థముల వలన వచ్చినది. నక్కవాగు వెంబడి నీరు, నేల చెడిన సంగతి 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారమును తీవ్ర కాలుష్య ప్రాంతముల పట్టికలో చేర్చెను. వాగు చెడుటకు పట్టిన కాలముకంటె బాగుపడుటకు పట్టు కాలము ఎక్కువ. ఎలక్ట్రానిక్ తుక్కునకు మన దేశమున 2012 నుండి ప్రత్యేక నియమములు అమలులోనికి వచ్చినవి. 2022 నాటి కొత్త నియమములు 2023 ఏప్రిలు 1 నుండి అమలైనవి. సీసము మొదలగు లోహములు గల పలకలు ఎక్కడబడితే అక్కడ కాలిపోకుండ చూచుట వీని ఉద్దేశములలో ఒకటి. కాని తుక్కును శుద్ధిచేయుటకంటె తుక్కు పుట్టకుండ చూచుట మేలు.

ముప్పది ఏండ్ల క్రిందట కొందరు ఇంజనీర్లు కూర్చుండి వ్రాసికొన్న ఆజ్ఞల పట్టిక నేటికిని పాత ల్యాప్‌టాపులకు ఆయుర్దాయము పోయుచున్నది. ఒక యంత్రము ఎంతకాలము బ్రతుకునన్నది దాని లోహముపై ఎంత ఆధారపడునో, దాని అతుకును గురించి పదిమందికి తెలియునట్లు వ్రాసిన ఒప్పందముపైనను అంతే ఆధారపడును. కొత్త ల్యాప్‌టాపు కొనువారు వేగమును, బరువును విచారించినట్లే “ఇందులోని డిస్కును మార్చవచ్చునా?” అని కూడ అడుగుట మంచిది.