కొండగట్టు పల్లెల్లో బోదకాలు గోలీ, యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వింటే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ, అందని నోబెల్ గుర్తుకొస్తాయి. కొండగట్టు కింది ముత్యంపేట, మల్యాల, నాచుపల్లి, పూడూరు పల్లెలకు మాత్రం ఆయన చేసిన అసలు మేలు బోదకాలు గోలీ. ఆరోగ్య సిబ్బంది దీన్ని డీఈసీ అంటారు. పూర్తి పేరు డైఇథైల్ కార్బమజైన్. 1947లో హెట్రజాన్ పేరుతో వైద్యలోకానికి పరిచయమైనప్పుడు, అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆ పరిశోధనను నడిపించింది సుబ్బారావే. గోలీ తెలిసిన ఇళ్లలో ఆ మనిషి పేరు తెలియకపోవడం ఈ ప్రాంత చరిత్ర రాసినవారి లోపం.

కోస్తా వ్యాసకర్తలు ఆయన్ని భీమవరం బిడ్డగా రాసుకుని అక్కడితో ఆగారు. తెలంగాణవైపు రాసేవారు ఆంధ్రా శాస్త్రవేత్త అనుకుని పక్కన పెట్టారు. ఇద్దరిదీ పొరపాటే. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో కన్నుమూసేనాటికి ఈ పల్లెలున్న జగిత్యాల తాలూకా నిజాం ఏలుబడిలో ఉంది, భీమవరం మద్రాసు ప్రావిన్సులో ఉంది. బోదకాలుకు ఆ సరిహద్దు లేదు. తరవాతి కాలంలో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధకులు బోదకాలు తెచ్చే ఫైలేరియా మీద అధ్యయనానికి ఎంచుకున్న జిల్లాల్లో తూర్పు, పశ్చిమ గోదావరులతో పాటు చిత్తూరు, ఈ పల్లెలున్న అప్పటి కరీంనగర్ కూడా ఉన్నాయి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు రాజమండ్రిలో, మద్రాసులో సాగింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి రోజుల తేడాలో బలితీసుకుంది. 1922లో మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని లెక్కగట్టే పద్ధతి ప్రకటించారు. భాస్వరం ఎంత ఉంటే ద్రావణంలో నీలం రంగు అంత చిక్కబడుతుంది. 1927లో వారిద్దరే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం దీంతో ఊగిపోయింది.

అసలు తగవు ఏటీపీ దగ్గరే. దాన్ని సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారని రాసే తెలుగు వ్యాసాలు ఉన్నాయి, ఆయన పేరే ఎత్తని ఇంగ్లీషు పుస్తకాలూ ఉన్నాయి. తేదీలు చూస్తే సంగతి తేటపడుతుంది. జర్మనీలో కార్ల్ లోమన్ తన వ్యాసాన్ని 1929 ఆగస్టులో ప్రచురించారు. ఫిస్కే, సుబ్బారావుల ప్రకటన ‘సైన్స్’ పత్రికలో అక్టోబరులో వచ్చింది. ఎవరి దారిన వారు చేరుకున్న ఫలితం అది, అచ్చులో లోమన్‌ది ముందు. ఇది ఒప్పుకుంటే సుబ్బారావు కీర్తికి వచ్చే నష్టం లేదు. ఆయన పనికి రావలసినంత గుర్తింపు రాకుండా ఫిస్కే అడ్డుపడ్డారన్న మాటకు మాత్రం బలమైన సాక్షి ఉన్నారు. హార్వర్డ్‌లో వారితో పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఆ మాట అన్నారు.

1940లో సుబ్బారావు లెడర్లేకు మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు అదే మందయింది. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా అమినాప్టెరిన్ వచ్చింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని చూపారు.

పసిఫిక్ దీవుల యుద్ధంలో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు వెతకడం అత్యవసరమైంది. లెడర్లేలో కాటన్ ర్యాట్ అనే ఎలుకల్లోని ఫైలేరియా పురుగుల మీద మందులు పరీక్షించారు. పనిచేసిన హెట్రజాన్‌ను ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. ప్రయోగాలు చేసిన రెజినాల్డ్ హ్యూవిట్ తదితరుల పేర్లు వదిలేసి అంతా సుబ్బారావు చేతిమీదే జరిగిందనడం తగదు. దారి చూపించింది మాత్రం ఆయనే.

ఈ జబ్బు పట్టుకునే తీరు ఇక్కడి సర్వే సిబ్బందికి బాగా తెలుసు. మురుగు గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ ఫైలేరియా పురుగును మోసుకొస్తుంది. ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పొద్దుపోయాక పైరక్తంలోకి వస్తాయి. అందుకే ఇల్లిల్లూ తిరిగే సిబ్బంది రాత్రిపూటే వేలికొస గుచ్చి రక్తపు చుక్క తీస్తారు. గాజుపలక మీద మందంగా పూసి ఆరబెడతారు. తరవాత నీళ్లలో ఎరుపు వదిలేదాకా ఉంచి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరిగిన సన్నని దారపు పోగులా పురుగు కనిపిస్తుంది.

హెట్రజాన్ బోదకాలును పూర్తిగా నయం చేస్తుందని రాయడం ఇంకో తప్పు. అది రక్తంలోని పిల్ల పురుగులను తుడిచేస్తుంది, పెద్ద పురుగుల్లో కొన్నింటినే చంపుతుంది. ఆ పెద్దవి ఏళ్లతరబడి బతుకుతాయి కాబట్టే గోలీలు ఏటా పంచాలి. 2007 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో డీఈసీకి ఆల్బెండజోల్ తోడైంది. రెండు నుంచి అయిదేళ్ల వారికి ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి రెండు, ఆ పైవారికి మూడు చొప్పున, వంద మిల్లీగ్రాముల డీఈసీ గోలీలు ఇస్తారు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. అన్నం తిన్నాకే, సిబ్బంది ఎదుటే మింగాలి. రక్తంలో పురుగులు ఎక్కువున్నవారికి అవి చస్తుంటే జ్వరం, తలతిప్పు వస్తాయి. అది చూసి భయపడి గోలీలు దాచేసేవారి వల్లే దోమకు మళ్లీ పురుగు దొరుకుతుంది.

ఉబ్బి బిగిసిన కాలు గోలీతో మామూలుకు రాదు. రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందులు తడి లేకుండా తుడవడం, పుండ్లకు మందు రాయడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం తప్పవు. తెలంగాణలో బోదకాలు బాధితులకు 2018లో ఆసరా పింఛను మొదలుపెట్టారు, 2019లో దాన్ని నెలకు 2,016 రూపాయలు చేశారు.