తిరిగిరాని విమానాలు – తిరిగి దక్కిన పేర్లు

కోలారు పేరు వినగానే ఎవరికైనా తలపుకు వచ్చేది బంగారమే. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగప్రవేశం చేసిన నాటి నుంచి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటి వరకు ఈ జిల్లా చరిత్ర భూగర్భంలోనే నడిచినదంటే అతిశయోక్తి కాదు. అయితే ఆకాశానికి చెందిన అధ్యాయం కూడ ఈ జిల్లాకు ఒకటి ఉన్నది. అది కొద్ది కాలమే సాగినది. అందువల్లనే కాబోలు, చాలమందికి తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధపు చివరి ఘట్టంలో కోలారు విమాన స్థావరం నుంచి నాలుగు ఇంజన్ల భారీ బాంబర్లు ఎగిరేవి. ఆనాడు అటువంటి విమానాలలో తూర్పు దిక్కుకు సాగిపోయిన యువకులలో ఎందరో తిరిగిరాలేదు. కొందరు ఎక్కడ నేలకొరిగినారో కూడ ఏళ్ల తరబడి తెలియలేదు. అటువంటివారి అస్థికలను వెదకి, ఇవి ఫలానావారివని నిర్ణయించి, వారి పేర్లను వారికి తిరిగి ఇచ్చే కార్యం నేటికీ సాగుతున్నది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి. యుద్ధమంటే ఎక్కడో దూరదేశాల వార్త అనుకున్న తెలుగువారికి అది గుమ్మం ముందుకు వచ్చినది. బర్మా అప్పటికే జపాను వశమవుతున్నది. తీరానికి దూరంగా, ఎత్తయిన పీఠభూమిపై ఉన్న మైసూరు సంస్థానం మిత్రరాజ్యాల విమానాలకు అనువైన ఆశ్రయమైనది. బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారం అమెరికా విమానాల మరమ్మతులకు ముఖ్యకేంద్రమైనది. దానికి తూర్పున ఉన్న కోలారులో బ్రిటిషు రాయల్ ఎయిర్ ఫోర్సుకు చెందిన 1673వ హెవీ కన్వర్షన్ యూనిట్ పనిచేసినది. రెండు ఇంజన్ల విమానాలు నడపడం నేర్చినవారికి నాలుగు ఇంజన్ల లిబరేటర్ బాంబరును అలవాటు చేయడం అటువంటి యూనిట్ల పని. ఒక చివరి నుంచి మరొక చివరి వరకు 110 అడుగుల రెక్కలు, ఎనిమిది నుంచి పది మంది సిబ్బంది, వేల మైళ్లు ప్రయాణించగల శక్తి – ఇవి లిబరేటర్ లక్షణాలు. 1944 నవంబరు 8న ఆ యూనిట్ సిబ్బందితోనే కోలారులో 358వ స్క్వాడ్రన్ ఏర్పడినది. 1945 జనవరిలో ఆ దళం బెంగాలుకు తరలిపోయినది.

పేరుకు అది బాంబర్ల దళమే అయినా, బాంబుదాడికి వెళ్లినది ఒక్కసారి మాత్రమే. ఆ తరువాత దానికి అప్పగించినది రహస్య కార్యం. జపాను ఆక్రమణలో ఉన్న ప్రాంతాలలో రాత్రివేళ గూఢచారులను, ఆయుధాలను, మందులను పారాషూట్లతో దింపిరావలె. ఇటువంటి ప్రయాణాలలో విమానాలు ఒంటరిగా, అడవుల మీదుగా, కొండల నడుమ తక్కువ ఎత్తున ఎగరవలసి ఉండేది. తోడు విమానం ఉండదు కనుక ప్రమాదానికి సాక్షి ఉండడు. అనుకున్న వేళకు విమానం రాకపోతే చిట్టాలో ‘ఆచూకీ లేదు’ అని వ్రాసుకోవడం తప్ప చేయగలిగినది ఉండేది కాదు. ఆ కబురే తంతి రూపంలో తల్లిదండ్రులకు చేరేది. మరణవార్తకైనా ఒక ముగింపు ఉన్నది. ఆచూకీ లేదన్న వార్తకు ముగింపు లేదు.

యుద్ధానంతరం, సమాధి తెలియని వైమానికుల పేర్లను సింగపూరులోని క్రాంజి స్మారకంపై చెక్కించినారు. సైనికులు, వైమానికులు కలిసి 24 వేలకు పైబడిన పేర్లు అక్కడ ఉన్నవి. వారిలో భారతీయ సైనికులు కూడ ఎందరో ఉన్నారు. సమాధి తెలిసినవారి సంగతి వేరు. దక్షిణ, తూర్పు భారతంలోని చిన్న చిన్న శ్మశానాలలో చెదరి ఉన్న యుద్ధకాలపు సమాధులను 1952లో మద్రాసు సమీపంలోని నందంబాక్కం యుద్ధ శ్మశానవాటికకు చేర్చినారు. రెండవ యుద్ధానికి చెందిన 856 సమాధులు అక్కడ ఉన్నవి. అధికారికైనా, సామాన్య సిపాయికైనా అక్కడ ఒకే పరిమాణం గల రాయి. అటువంటి వాటికలలో పేరు తెలియని సమాధులపై, ఇతడెవరో భగవంతునికే ఎరుక అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఆ మాటను చెరిపి ఒక పేరు వ్రాయగలగడమే అన్వేషకుల పరమార్థం.

ఈ ప్రయత్నం ఎంత కఠినమైనదో భారతభూమిపైనే జరిగిన ఒక ఉదంతం తెలుపుతున్నది. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు అమెరికాకు చెందిన ఒక లిబరేటర్ బయలుదేరినది. దాని సిబ్బంది ముద్దుగా పెట్టుకున్న పేరు ‘హాట్ యాజ్ హెల్’. అందులో ఎనిమిది మంది ఉన్నారు. హిమాలయాల తూర్పు అంచున వాతావరణం విషమించి ఆనాడు పలు బాంబర్లు అదృశ్యమైనవి. ఇది కూడ గమ్యం చేరలేదు. 62 సంవత్సరాలు గడచినవి. 2006 డిసెంబరులో క్లేటన్ కూల్స్ అనే అమెరికను పర్వతారోహకుడు స్థానికుల సహాయంతో అరుణాచల్ ప్రదేశ్‌లోని దమ్రో గ్రామ ప్రాంతపు కొండలలో దాని శకలాలను చూడగలిగినాడు. వేటకు, మూలికలకు తిరిగే కొండజాతులవారికి ఆ లోహపు ముక్కల సంగతి తెలిసినదే. తెలియనిది వాటి వెనుక ఉన్న పేర్లు మాత్రమే.

శకలాలు కనబడగానే పని పూర్తి కాలేదు. అది చైనా సరిహద్దుకు చేరువలోని ప్రాంతం కావడం వల్ల అనుమతులకే ఏళ్లు పట్టినవి. 2015లో అమెరికా రక్షణశాఖ బృందం అక్కడ తవ్వకాలు జరిపినది. భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఆ కార్యంలో తోడ్పడినది. తవ్వకమంటే పలుగు పారలతో మట్టిని ఎత్తిపోయడం కాదు. స్థలాన్ని తాళ్లతో చదరపు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలోని మట్టిని జల్లెడ పట్టి, చిటికెన వ్రేలి గోరంత ఎముకనైనా, ఒక బొత్తామునైనా, దొరికిన చోటుతో సహా నమోదు చేయవలె. 2016 ఏప్రిల్‌లో ఆ అవశేషాలను ఢిల్లీలో సైనిక మర్యాదలతో అమెరికాకు అప్పగించినారు. 2017లో ఆ ఎనిమిది మందిలో ఒక లెఫ్టినెంటు గుర్తింపు ప్రకటితమైనది. 73 సంవత్సరాల తరువాత అతని అస్థికలు స్వరాష్ట్రమైన జార్జియా మట్టిలో విశ్రమించినవి.

ఒక ఎముకకు పేరు ఎట్లు తెలియగలదు? మొదట విమానం ఏదో తేలవలె. ఇంజనుపై, తోకపై ఉన్న అంకెలను ఆనాటి దస్తరాలతో సరిపోల్చితే విమానం, దానితో పాటు ఆ దినాన అందులో ఎక్కినవారి జాబితా తెలుస్తుంది. తరువాత మెడలోని గుర్తింపు బిళ్ల, ఉంగరం, పళ్లకు చేసిన వైద్యపు ఆనవాళ్లు సహాయపడుతాయి. అవేవీ లేనప్పుడు ఎముకలోని డి.ఎన్.ఎ. ఆధారం. దీర్ఘకాలం నిలిచే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు సంక్రమిస్తుంది. ఆ బిడ్డలలో ఆడబిడ్డలు మాత్రమే దానిని తరువాతి తరానికి అందించగలరు. అంటే పెండ్లి కాకుండానే మరణించిన వైమానికుని అస్థికలను, అతని అక్క కొడుకు ఇచ్చిన నెత్తుటి చుక్క గుర్తుపట్టగలదు. మేనమామకు మేనల్లునితో ఉన్న బంధాన్ని పెండ్లి పందిట్లోను, పురుడు పోసిన ఇంటిలోను గౌరవించే తెలుగువారికి ఈ శాస్త్రసత్యం కొత్తగా తోచదు.

అందరి విషయంలోను ఒకే పద్ధతి లేదు. బ్రిటిషు వైమానిక దళానికే చెందిన మరొక లిబరేటర్ దళం 356వ స్క్వాడ్రన్. దాని విమానమొకటి 1945 ఆగస్టు 23న, అనగా జపాను లొంగుబాటు ప్రకటించిన ఎనిమిది దినాలకు, మలయా అడవులలో కూలినది. యుద్ధం ముగిసినదన్న సంతోషం ఇంకా ఆరకముందే ఎనిమిది ఇండ్లలో చీకటి అలముకొన్నది. ఆ ఎనిమిది మంది అవశేషాలను సేకరించి 2012 అక్టోబరు 18న కౌలాలంపూరులో సైనిక లాంఛనాలతో ఖననం చేసినారు. అమెరికా తన వీరులను ఇంటికి తీసుకొనిపోవడానికి పూనుకొంటుంది. బ్రిటిషు సంప్రదాయం పడిన దేశంలోనే సమాధి కడుతుంది. దారులు వేరైనా రెండింటి సంకల్పమూ ఒక్కటే: మనిషి లెక్కలోకి రాకుండ పోరాదు.

ఇది పరదేశీయుల కథ మాత్రమే కాదు. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో చండీగఢ్ నుంచి లేహ్‌కు బయలుదేరిన భారత వైమానిక దళపు ఎ.ఎన్.-12 విమానం హిమానీనదాలలో అదృశ్యమైనది. 2003లో దాని జాడ తెలిసినది. 2024 సెప్టెంబరులో కూడ నాలుగు భౌతికకాయాలు లభించినవి. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్టు బ్లెయిరుకు వెళుతూ మాయమైన ఎ.ఎన్.-32 విమానంలోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు. ఏడున్నర సంవత్సరాల తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఆ విమాన శకలాల చిత్రాలను మానవరహిత జలాంతర నౌక తీసినదని ప్రభుత్వం ప్రకటించినది. ఎదురుచూసిన ఇండ్లకు అప్పటికి దక్కినది ఒక ఛాయాచిత్రం, ఒక స్థలం.

3,400 మీటర్ల లోతు ఎంతటిదో కోలారు గనుల ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు దిగినది. అంత లోతున బండలు ఒక్కసారిగా పగిలే ‘రాక్ బరస్ట్’ శబ్దం భూమి పైనున్న ఇండ్లను కదిలించినప్పుడు, తమవారి కోసం గని ముఖద్వారం వద్దకు పరుగెత్తిన తరాలు ఇక్కడివి. చిత్తూరు మొదలైన జిల్లాల నుంచి వచ్చి ఆ గనులలో చెమటోడ్చిన తెలుగు కుటుంబాలు వారిలో ఉన్నవి. ఏ క్షణాన చూసినా భూగర్భంలో పనిచేస్తున్న ప్రతి వ్యక్తి పేరూ తెలిసేటట్లు పట్టీ ఉంచవలెనని 1952 నాటి గనుల చట్టం విధించినది. దిగినవారి లెక్కకు, పైకి వచ్చినవారి లెక్కకు పొత్తు కుదరవలె. కుదరకపోతే వెదకవలె. బంగారం ఎంత తీసినారన్న లెక్క కంటె ఈ లెక్క గొప్పది. వైమానికుల అస్థికల అన్వేషణకు మూలసూత్రమూ ఇదే.

ప్రతి ఉదయం హాజరు పట్టీ తీసి పేరు పేరునా పిలిచే పాఠశాలకు ఈ సూత్రం కొత్తది కాదు. ఆ యుద్ధంలో భారత సైన్యంలో 25 లక్షలమంది చేరినారు. నాటి జీతపు పుస్తకాలు, ఉత్తరాలు, పతకాలు, మసకబారిన ఛాయాచిత్రాలు ఎన్నో పూర్వ విద్యార్థుల ఇండ్లలో, అటకలపై, ట్రంకు పెట్టెలలో ఉండవచ్చును. వాటి వెనుక పేరు, ఊరు, తేదీ వ్రాసి భద్రపరచడం కష్టమైన పని కాదు; పెద్దలు ఉండగానే అడిగి వ్రాసుకోవడం మరింత మేలు. కొండలలోనో, సముద్రంలోనో ఒక నాటికి దొరకబోయే ఎముకకు పేరు చెప్పగలిగినది అటువంటి ఒక కాగితమే కావచ్చును.