ఎద్దు గిట్ట నుండి జీపు చక్రం వరకు

రాజమండ్రిలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసే మిత్రుడు సంక్రాంతి సెలవులకు తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని మారేడుమిల్లి అడవుల వైపు వెళ్ళి, అనుమతి ఉన్నచోట డేరా వేసుకొని రెండు రాత్రులు గడపవలెనని సంకల్పించినాడు. ఆ తరువాత వేసవిలో అంతర్వేది సముద్రతీరం, వానలు వెలిసిన పిమ్మట లంక గ్రామాలు చూపించవలెనని పిల్లలకు మాట కూడ ఇచ్చినాడు. “మాస్టారూ, ఏ బండి కొనమంటారు? ప్రకటనలు చూస్తే అన్నీ అశ్వశక్తిని గురించే చెప్తున్నాయి” అని నన్ను అడిగినాడు. అశ్వశక్తిని గురించి చెప్పేకంటె ముందు నేను వృషభశక్తిని గురించి చెప్పవలసి వచ్చినది. ఆ సంభాషణే ఈ వ్యాసానికి మూలం.

గోదావరి డెల్టాలో ఒక తరం క్రిందటి వరకు కుటుంబమంతా కదలవలసి వస్తే గూడుబండి కట్టేవారు. అడుగున వరిగడ్డి పరచి, పైన దుప్పటి వేసి, ముసలివారిని, పిల్లలను కూర్చోబెట్టి, వెనుక కుండలు, మూటలు కట్టేవారు. ఈ బండిని యంత్రశాస్త్రం తెలిసినవాడు చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. బండి చక్రానికి ఉన్న పని బరువు మోయడం ఒక్కటే. నేలను పట్టుకొని బండిని ముందుకు నెట్టే పని చక్రానిది కాదు, ఎద్దు గిట్టది. చక్రం ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ చుట్లు, లోపలి చక్రం తక్కువ చుట్లు తిరిగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కందెన ఉండి, కడసీల ఊడకుండ ఉంటే చాలును.

ఇక గిట్ట సంగతి. పశువు గిట్ట చీలి ఉంటుంది. బురదలో అడుగు వేసినప్పుడు రెండు చీలికలు విచ్చుకొని వైశాల్యం పెరుగుతుంది. కాలు పైకి తీసినప్పుడు దగ్గరకు ముడుచుకొని సులభంగా ఊడి వస్తుంది. గుండ్రని గిట్ట గల గుఱ్ఱానికి ఈ సౌకర్యం లేదు. డెల్టాలోని నల్లరేగడిలో గుఱ్ఱం కంటె ఎద్దు, ఎద్దు కంటె దున్నపోతు నమ్మదగినవని రైతుకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

డేరాలతో ప్రయాణం కూడ మనకు కొత్త కాదు. కంపెనీవారి కాలం నుండి కలెక్టర్లు, తరువాత అటవీ అధికారులు సంవత్సరంలో కొన్ని నెలలు డేరాలలోనే మకాం పెట్టేవారు. రెండు జతల డేరాలు ఉండేవి. దొర ఒక డేరాలో నిద్రిస్తుండగా రెండవది బండ్లమీద రాత్రికిరాత్రి ముందు మకాంకు చేరేది. మన కచేరీలలో నేటికీ “అయ్యగారు కాంపుకు వెళ్ళినారు” అనే మాట ఆ డేరాల నుండి వచ్చినదే. డేరా పోయినది, మాట మిగిలినది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయి కాలువలు సాగిన పిమ్మట డెల్టాలో మరొక సదుపాయం కలిగినది. గట్టుమీద నడిచే మనుషులు తాడు కట్టి లాగితే పడవలో కుటుంబమంతా నిద్రపోతూ కాకినాడ వైపో, ఏలూరు వైపో చేరవచ్చును. నీటిమీద నెమ్మదిగా కదిలే వస్తువుకు ప్రతిఘటన ఎంత తక్కువో ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. కాని పడవ కాలువను విడిచి రాలేదు. కొండలలో బండి కూడ సాగదు. అక్కడ మనిషి తలమీద మోయవలసినదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను గురించి పరిశోధన చేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ, బండి దారి లేని ఆ కొండలలో గ్రామాల నడుమ మకాములు వేసుకొంటూ తిరిగినారు. కొండరెడ్లను గురించిన ఆయన గ్రంథం 1945లో వెలువడినది.

ఇప్పుడు ఎద్దులను విప్పి, బండికి యంత్రాన్ని తగిలించినామనుకొందాము. అంతవరకు మోయడమే పనిగా గల చక్రం హఠాత్తుగా గిట్ట పని కూడ చేయవలసి వచ్చినది. మోటారు బండ్ల కష్టాలన్నీ ఇక్కడే ఆరంభమైనవి.

మొదటి కష్టం మలుపు. రెండు చక్రాలను ఒకే ఇరుసుకు బిగించి త్రిప్పితే మలుపులో ఒకటి ఈడ్చుకొనిపోతుంది. దీనికి విరుగుడుగా ఫ్రాన్సు దేశస్థుడు పెకర్ 1828 ప్రాంతంలోనే, ఆవిరి బండ్ల కాలంలో, డిఫరెన్షియల్ అనే దంతచక్రాల అమరికను కనిపెట్టినాడు. ఇది రెండు చక్రాలకు సమానమైన త్రిప్పు బలాన్ని ఇస్తూ, వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. తారురోడ్డు మీద ఇది వరం. బురదలో ఇదే శాపం. ఒక చక్రం బురదలో పట్టు తప్పితే దానిని త్రిప్పడానికి కావలసిన బలం దాదాపు సున్న. రెండవ చక్రానికి అందేది కూడ అంతే. గట్టి నేలమీద ఉన్న చక్రం ఊరక నిలబడుతుంది, బురదలోని చక్రం గిరగిర తిరుగుతూ తన గోతిని తానే తవ్వుకొంటుంది. వానాకాలంలో కాలువ గట్టు ప్రక్కన ఈ దృశ్యం చూడనివారు మన ప్రాంతంలో తక్కువ.

నాలుగు చక్రాలనూ త్రిప్పితే? ఈ ఆలోచన జీపు కంటె చాల పాతది. 1903లో హాలెండులోని స్పైకర్ సోదరులు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పందెపు కారు నిర్మించినారు. 1908లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆటో జాకౌ అనే యంత్ర పనివాడు, తన బావమరదితో కలిసి, నాలుగు చక్రాల బండిని తయారుచేసినాడు. చిక్కంతా ముందు చక్రాల దగ్గర వచ్చినది. అవి మలుపు తిరగవలెను, తిరుగుతూనే శక్తిని పుచ్చుకోవలెను. సాధారణమైన కార్డన్ కీలు వంగి ఉన్నప్పుడు వేగాన్ని సమంగా అందించదు. ముప్పది డిగ్రీలు వంచితే, ప్రతి చుట్టులో రెండుసార్లు, వేగం 0.87 వంతుకు తగ్గి 1.15 వంతుకు పెరుగుతుంది. చక్రం కుదుపుతో తిరుగుతుంది, స్టీరింగు చేతిలో కొట్టుకొంటుంది. 1926 ప్రాంతంలో ఫ్రాన్సులో గ్రెగ్వార్ ప్రచారంలోకి తెచ్చిన ట్రాక్టా కీలు, అమెరికాలో రెజెప్పా కనిపెట్టిన గుండ్ల కీలు ఈ చిక్కును విప్పినవి. నా ఉద్దేశంలో జీపు చరిత్రలో యుద్ధానికి ఇచ్చే కీర్తిలో సగమైనా ఈ కీళ్ళకు ఇవ్వవలెను.

1940 వేసవిలో అమెరికా సైన్యం చిన్న నాలుగు చక్రాల బండి కావలెనని కంపెనీలను అడిగి, నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు సహాయంతో సెప్టెంబరు 23న నమూనాను అప్పగించినది. తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. విల్లీస్ యంత్రానిది అరవై అశ్వశక్తి మాత్రమే. బండి బరువు సుమారు 1100 కిలోలు. రెండు ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు. నేటి చిన్న కార్లలో చాలవాటికి దానికంటె అధిక శక్తి ఉన్నది. అయినా జీపు వెళ్ళే చోటికి అవి వెళ్ళలేవు. కారణం, జీపులోని రెండవ గేరుపెట్టె. దాని మీట లాగితే వేగం సగమై, త్రిప్పు బలం సుమారు రెండింతలవుతుంది. కొండ ఎక్కేటప్పుడు ఎద్దు నెమ్మదించి, మెడ వంచి, కాడిని నెట్టినట్లే అనుకోవచ్చును.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టినారు. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత “సమితి జీపు” మన గ్రామాలలో ప్రభుత్వానికి మారుపేరైనది. రాజమండ్రి వద్ద కట్టిన హేవ్‌లాక్ వంతెన రైళ్ళకు మాత్రమే ఉండేది. 1974లో రైలు-రోడ్డు వంతెన వచ్చేవరకు అక్కడ బండితో గోదావరి దాటే రోడ్డు వంతెన లేదు. పంటు మీదకు రెండు పలకలమీదుగా ఎక్కించదగిన బండి ఎంత తేలికగా ఉంటే అంత మంచిది. ఈ విషయంలో కూడ జీపుకు పొట్టితనమే పెట్టుబడి. అనంతరం మన్యంలో కమాండర్ జీపులు వచ్చినవి. రంపచోడవరం సంతరోజున లోపల ఎందరో, వెలుపల అంతమంది వేలాడుతూ పోయే ఆ జీపులను చూసినవారికి బండి మోయగల బరువుకు హద్దు లేదనిపిస్తుంది. హద్దు ఉన్నది. ఘాటులో బ్రేకు పడనప్పుడు అది తెలుస్తుంది.

తక్కిన చరిత్ర క్లుప్తంగా చాలును. 1948లో ఇంగ్లండులో లాండ్‌రోవర్, 1951లో జపానులో టొయోటావారి జీపు, మనదేశంలో 1985 నుండి మూడు దశాబ్దాలకు పైగా సాగిన జిప్సీ, 2010లో థార్, 2020లో దాని కొత్త రూపం, 2023లో అయిదు తలుపుల జిమ్నీ. అన్నిటిలోనూ ఆ పాత సూత్రాలే: నాలుగు చక్రాల పట్టు, నెమ్మది గేరు, నేలకూ పొట్టకూ మధ్య ఎడం.

మిత్రునితో నేను మొదట నేలల సంగతి మాట్లాడినాను. అతడు తిరగదలచినవి మూడు నేలలు. మూడూ మూడు రకాల పరీక్షలు. మన్యంలో ఎఱ్ఱమట్టి, రాళ్ళు, వాగులు. అక్కడ పట్టు దొరుకుతుంది. కావలసినది పొట్ట కింద ఎడం, నెమ్మది గేరు. దిగేటప్పుడు మరీ ముఖ్యం. బ్రేకు నొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పనిచేయదు. నెమ్మది గేరులో యంత్రమే బండిని పట్టి ఉంచుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం ఎక్కువైన బండి గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనుకొని నిలిచిపోతుంది. అందుచేత అయిదు తలుపుల సౌఖ్యానికి కొంత మూల్యం చెల్లించవలెను.

ఇసుక నేల లెక్క వేరు. కొన్ని సంవత్సరాల క్రిందట అంతర్వేది దగ్గర అద్దెకు తీసుకొన్న నాలుగు చక్రాల బండిలో బంధువులతో వెళ్ళి, ఇసుకలో ఇరుసుల వరకు దింపినాను. ప్రొద్దు కుంకుతున్నది, పోటు పెరుగుతున్నది, పిల్లలు ఏడుపు మొదలుపెట్టినారు. యంత్రాన్ని ఎంత రొద చేయిస్తే అంత లోతుకు దిగినది. వలలు సర్దుకొంటున్న ఒక పెద్దాయన వచ్చి చూసి, “మాస్టారూ, సక్రాల్లో గాలి సగం తీసెయ్యండి, అదే వచ్చేస్తది” అన్నాడు. అలాగే వచ్చినది. విద్యార్థులు ఈ లెక్క స్వయంగా వేయవచ్చును. మనుషులతో సహా బండి బరువు 1600 కిలోలు అయితే ఒక్కొక్క చక్రంపై 400 కిలోలు, అంటే 880 పౌండ్లు. టైరులో గాలి చదరపు అంగుళానికి 32 పౌండ్లు ఉంటే నేలను తాకే వైశాల్యం సుమారు 27 చదరపు అంగుళాలు. గాలి 16 పౌండ్లకు తగ్గిస్తే 55. ఎద్దు గిట్ట విచ్చుకోవడమూ ఇదే. తారురోడ్డు ఎక్కేముందు మళ్ళీ గాలి కొట్టవలెను. లేనియెడల టైరు వేడెక్కి చెడిపోతుంది. కనుక పంపు లేకుండ సముద్రతీరానికి పోరాదు.

మూడవది డెల్టా బురద. ఇక్కడ నిజం చెప్పక తప్పదు. తడిసిన రేగడి టైరు గాళ్ళను నింపి, చక్రాన్ని నున్నని మట్టిముద్దగా మారుస్తుంది. అప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు మట్టిముద్దలే. డిఫరెన్షియల్‌ను బిగించే ఏర్పాటు ఉన్న బండి కొంత మేలు, అది కూడ అడుగున గట్టి నేల అందినంతవరకే. ఈ నేలకు మన రైతు కనుగొన్న సమాధానం ట్రాక్టరుకు తగిలించే ఇనుప దమ్ము చక్రాలు. వాటితో రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుంది. లంక గ్రామాలకు వానలు వెలిసి దారి ఆరిన తరువాతనే వెళ్ళమని మిత్రునికి చెప్పినాను.

తరువాత బరువు లెక్క వేసినాము. అయిదుగురు మనుషులు 250 కిలోలు, నీళ్ళు 40, డేరా, పరుపులు, స్టవ్వు, బియ్యం, పంపు కలిసి 50. మొత్తం 340 కిలోలు. చిన్న బండ్లకు ఇది హద్దు దగ్గరకు వస్తుంది. బండి పత్రాలలో అనుమతించిన మొత్తం బరువు నుండి బండి బరువు తీసివేస్తే ఎంత మిగులునో చూసుకోవలెను. డేరాను, నీళ్ళను నెత్తిన కట్టరాదు. గరిమనాభి పైకి పోయి, ప్రక్కవాలులో బండి బోర్లపడే ప్రమాదం ఉన్నది. నీళ్ళ డబ్బాలు ఇరుసుల మధ్య, అడుగున ఉండవలెను. కుండలను గూడుబండిలో అడుగునే పెట్టేవారు గదా.

వాగుల విషయంలో మాత్రం ఏ బండినీ నమ్మవద్దన్నాను. ప్రవాహపు తోపుడు వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. పైగా మునిగిన మేరకు నీరు బండిని తేల్చి, చక్రం కింద బరువును తగ్గిస్తుంది. బరువు తగ్గితే పట్టు తగ్గుతుంది. మోకాలి లోతు మించిన వడి నీటిలో టన్నున్నర బండి కూడ ప్రక్కకు జరుగుతుంది. కొండపై వాన పడితే వాగు గంటలో మారిపోతుంది. ఆగి, నీరు తగ్గేవరకు ఎదురుచూడడమే మార్గం.

చివరకు మిత్రుడు కాగితంపై దూరాలు వ్రాసి చూసుకొన్నాడు. రాజమండ్రి నుండి మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. అంతా తారురోడ్డే. మామూలు కారు చాలును. నాలుగు చక్రాల పని ఉన్నది చివరి కొద్ది కిలోమీటర్లలో మాత్రమే. సంవత్సరంలో నాలుగు రోజుల కొరకు అంత సొమ్ము పెట్టుట అతనికి నచ్చలేదు. పాత కారులోనే వెళ్ళి, అక్కడి వాగులు, గట్లు ఎరిగిన స్థానికుని జీపును ఆ కొద్ది దూరానికి బాడుగకు మాట్లాడుకొన్నాడు. పంపు మాత్రం కొన్నాడు. వేసవిలో అంతర్వేదికి నన్ను కూడ రమ్మన్నాడు.