నకలు లేని దస్త్రం

కంప్యూటర్ల వాళ్ళు బ్యాకప్ అనే పనికి మా జగిత్యాల వైపు రెవెన్యూ ఆఫీసుల్లో పాత మాట ఒకటి ఉంది: నకలు. అసలు పోయినా పని జరిపించే రెండో ప్రతి అన్నమాట. పహాణీ నకలు కోసం తహసీలు చుట్టూ తిరిగినవాళ్ళకు ఆ మాట విలువ తెలుసు. ఇవాళ ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉన్నవాటికి నకలు ఉందా అని అడిగితే, "గూగుల్‌లో ఉంటది గదా" అంటారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఈ ప్రాంతపు చరిత్రనే అడిగి చూడొచ్చు.

ముందుగా కోరుట్ల. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇంపీరియల్ గెజెటీర్ ఈ ఊరి గురించి చెప్పిన కొద్ది మాటల్లో కాగితం ఒకటి. ఇక్కడ తయారైన దేశవాళీ కాగితాన్ని పట్వారీలు లెక్కల పుస్తకాలకు వాడేవారని రాసింది. ఆ రోజుల్లో చేతికాగితం అంటే నారను సున్నంలో నానబెట్టి, దంచి, గుజ్జు చేసి, పలచగా తీసి ఆరబెట్టి, గంజి పట్టించి, రాయితో నునుపు చేసేది. చెదలు, వాన తగలకుండా చూసుకుంటే తరాలపాటు ఉంటుంది.

కాగితం గట్టిదే. చిక్కంతా అది ఎవరింట్లో ఉందన్న దగ్గర. పట్వారీగిరీ వంశపారంపర్యం. ఊరి భూమి లెక్కంతా బట్టలో కట్టిన దస్త్రంగా ఆయన ఇంట్లోనే ఉండేది. అందులో ఏం రాసి ఉందో చదవలేని రైతుకు, తన పొలం తనదేనని చెప్పే ప్రతి చేతిలో ఉండేది కాదు. పట్వారీకి ఊరి మీద ఉన్న పెత్తనంలో సగం ఆ మూటలోదే. ప్రతి ఒక్కటే ఉంటే అది దాచిపెట్టినవాడి సొత్తు అయిపోతుంది.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. 2020 అక్టోబరులో ధరణి వచ్చి భూమి రికార్డు కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది. తెర మీద తమ పేరు కనపడనివాళ్ళు పెట్టె అడుగు నుంచి తీసింది పాత పాసుబుక్కులు, పహాణీ నకళ్ళే. 1954-55 నాటి ఖాస్రా పహాణీని ఇప్పటికీ భూతగాదాల్లో వెతుకుతారు. కొత్త రికార్డులో తప్పు దొర్లితే దాన్ని పట్టించేది, ఆ కొత్త రికార్డుతో ముడిపడకుండా వేరేచోట మిగిలిన పాత ప్రతి.

జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో, గంగాధర మండలంలో కుర్క్యాల ఉంది. అక్కడి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగుల్లో శాసనం చెక్కించాడు. ఆయన అన్న పంప మహాకవి. పంప కావ్యం తాటాకుల మీద, మళ్ళీ మళ్ళీ ఎత్తిరాయడం వల్ల, కన్నడ దేశంలో బతికింది. తమ్ముడు బండను నమ్ముకున్నాడు. ఆయన చెప్పుకున్న బసది, చెరువు, తోటల కన్నా ఆ అక్షరాలే ఎక్కువ కాలం నిలిచాయి. నన్నయకు ముందే తెలుగులో కందపద్యం ఉందనడానికి ఆ బండే సాక్ష్యం. అంత గట్టి బండకూ మన కాలంలో గ్రానైట్ తవ్వకాల ముప్పు వచ్చింది. పండితులు కాగితం మీదికి ఎత్తుకున్న పాఠం అచ్చయి వేరేచోట ఉండబట్టి ధైర్యం. వస్తువు గట్టిదనం ఒక్కటే రక్ష కాదని రాయి కూడా చెప్తోంది.

ఇక సిరిసిల్ల. కంప్యూటర్‌కు దూరపు చుట్టరికం ఉన్నది ఇక్కడి సాంచెలకే. జాకార్డ్ మగ్గం 1804లో ఫ్రాన్సులో పుట్టింది. అట్టకు చిల్లు ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ చిల్లుల అట్టల వాడుకే తర్వాత 1890లో అమెరికా జనాభా లెక్కల యంత్రాల్లోకి, అక్కడి నుంచి కంప్యూటర్లలోకి నడిచింది. నేతలో అట్టలు నలిగిపోతాయి. గ్రాఫ్ కాగితం మీద గీసిన డిజైను దాచి ఉంటే మళ్ళీ చిల్లులు కొట్టుకోవచ్చు. అయితే ఒక కొలత యంత్రానికి కొట్టిన అట్ట ఇంకో కొలత యంత్రానికి పట్టదు. తెలుగు రాసేవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు డిస్కులో భద్రంగానే ఉంటాయి, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి ఒక ప్రతి, పీడీఎఫ్‌గా ఒక ప్రతి దాచుకుంటేనే అది దాచినట్టు.

పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన లెక్క ఒకటుంది: ప్రతులు మూడు, రకాలు రెండు, అందులో ఒకటి వేరే చోట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లోనో, ఇంకో ఊళ్ళో ఉన్న అక్క ఇంట్లోనో ఒకటి. ఫోన్‌కూ క్లౌడ్‌కూ సింక్ పెట్టి వదిలేస్తే, ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోవచ్చు. తాళం చెవి పోతే ఖాతా మొత్తం పోతుంది. డిస్కును కాపీ అయ్యాక తీసి పక్కన పెట్టాలి, కంప్యూటర్‌కు తగిలించే ఉంచితే వైరస్ దాన్నీ పట్టుకుంటుంది.

ఇదంతా ఆఫీసుల వాళ్ళ గొడవ అనుకోవడానికి లేదు. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్ళు చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా, కంపెనీ ఒప్పందం, జీతం స్లిప్పుల ఫోటోలన్నీ అక్కడి మనిషి ఫోన్‌లోనే ఉంటాయి. జీతం ఆగినా, ప్రమాదం జరిగినా ఇక్కడివాళ్ళను ముందుగా అడిగేది ఆ కాగితాలే. ప్రయాణానికి ముందే వాటి నకళ్ళు ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లో, జెరాక్స్ తీసి ఒక కవర్లో పెట్టాలి. ఆర్నెల్లకొకసారి ఆ పెన్‌డ్రైవ్ పెట్టి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడాలి. తగాదా వచ్చిన రోజున దస్త్రం విప్పి చెదలు చూసినవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు.