పడవలోంచి అరిచి చెప్పిన పాపాలు

1873లో, హవాయిలోని మొలొకాయి దీవి దగ్గర, ఒక చిన్న పడవ ఆవిరి ఓడ పక్కకి వచ్చి ఆగింది. పడవలో ఉన్నది ఫాదర్ డేమియన్ అనే 33 ఏళ్ల బెల్జియన్. ఓడ మీద ఉన్నది ఆయన మఠసంఘం పెద్ద. కెప్టెన్ ఆ పెద్దాయన్ని ఒడ్డుకి దిగనివ్వలేదు, డేమియన్‌ని ఓడ ఎక్కనివ్వలేదు. దాంతో డేమియన్ పడవలోంచే పైకి చూస్తూ తన పాపాలన్నీ గట్టిగా అరిచి చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియకూడదని ఫ్రెంచ్‌లో చెప్పాడు.

ఆయన జీవితచరిత్రల్లో ఈ ఘట్టాన్ని భక్తికి గుర్తుగా చెప్తుంటారు. నాకు మాత్రం ఇది ఒంటరితనం గురించిన కథ అనిపిస్తుంది.

కుష్ఠురోగుల్ని వేరుగా ఉంచాలని 1865లో హవాయి రాజ్యం చట్టం చేసింది. మరుసటి ఏడాది నుంచి వాళ్ళని మొలొకాయి ఉత్తరాన ఉన్న కలావుపాపా ద్వీపకల్పానికి పంపించారు. మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క నిట్టనిలువు కొండ. 1969 దాకా సుమారు 8,000 మందిని అలా పంపారు. చాలామందికి ఇంటివాళ్ళని చూడటం అదే ఆఖరు. 1873 మే 10న డేమియన్ అక్కడికి వచ్చాడు. మొదట్లో ఇల్లు లేక చర్చి పక్కనున్న చెట్టు కింద పడుకునేవాడు. కొన్నాళ్ళకి, రోగుల్లాగే ఆయన కూడా అక్కణ్ణించి కదలకూడదని ఆరోగ్యశాఖ ఆంక్ష పెట్టింది. తర్వాత సడలించింది కానీ, పడవ సంఘటన నాటికి పరిస్థితి అది.

అదే ఏడాది ఇంటికి రాసిన ఉత్తరంలో ఆయన ఒక చిన్న మాట చెప్పాడు: ప్రసంగాల్లో 'సోదరులారా' అనకుండా 'కుష్ఠురోగులమైన మనం' అంటున్నానని. జబ్బు సోకాక అన్న మాటగా ఇది ప్రచారంలో ఉంది కానీ, అప్పటికింకా ఆయన ఆరోగ్యంగానే ఉన్నాడు. జబ్బు బయటపడింది దాదాపు పదకొండేళ్ళ తర్వాత. ఇంగ్లీషులో ఈ మాట చదివితే 'మేము'కీ 'మనం'కీ తేడా తెలియదు. ఆయన ప్రసంగించిన హవాయి భాషలో, మన తెలుగులో లాగే, ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయి.

ఆ 'మనం' ఉత్త మాట కాదు. శవపేటికలు తనే చేశాడు, గోతులు తవ్వాడు, బ్యాండు మేళం కట్టించాడు. రోగులు వంతులవారీగా దివ్యసత్ప్రసాదం ముందు ప్రార్థన చేసే ఏర్పాటు చేశాడు. తనకీ ఆ సన్నిధే లేకపోతే అక్కడ నిలవగలిగేవాణ్ణి కాదని రాశాడు.

అంత ఓదార్పు ఉన్నా ఆయన ఒంటరితనం తీరలేదు. క్యాథలిక్ పద్ధతిలో ఒక మెలిక ఉంది. గురువు అందరి పాపసంకీర్తనం వినొచ్చు, తన పాపాల్ని తను క్షమించుకోలేడు. దానికి ఇంకో గురువు కావాలి. అందుకే ఆ పడవ, ఆ అరుపులు. తర్వాత వచ్చిన ఇద్దరు సహచరులతోనూ ఆయనకి పడలేదు. మనిషి మొండివాడు, పంతం ఎక్కువ. ఆయన పోయిన నెలకి అక్కడికి వెళ్ళొచ్చిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్, 1890లో ఆయన్ని సమర్థిస్తూ రాసిన బహిరంగ లేఖలో కూడా ఈ లోపాల్ని దాచలేదు. అయినా, రెండో సహచరుడు కూడా 1885లో వెళ్ళిపోయాక, డేమియన్ మళ్ళీ ఒక గురువుని పంపమని బతిమాలుతూనే ఉన్నాడు. తన సంఘంవాళ్ళు పక్కన లేకపోవడం కుష్ఠు కంటే ఎక్కువ బాధిస్తోందని రాశాడు.

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు. రోజంతా మూడు దేశాలవాళ్ళతో కాల్స్‌లో ఉండి, ఎవరితోనూ ఏమీ మాట్లాడనట్టు రాత్రి ల్యాప్‌టాప్ మూసే ఉద్యోగం నాది. ఒంటరితనానికి మాకు దొరికే మందులన్నీ ఒంటరిగా వాడుకునేవే: ధ్యానం యాప్, పాడ్‌కాస్ట్, డైరీ. అవతల మనిషి అక్కర్లేకపోవడమే వాటి సుగుణం. డేమియన్ నమ్మకం దీనికి సరిగ్గా ఎదురు. దేవుడు తోడున్నాడు కాబట్టి మనిషి అక్కర్లేదని అది అనలేదు. నచ్చని మనిషైనా సరే, అతని చెవి కావాలంది. ఆయనకి ఊరటా అక్కడే దొరికింది, నొప్పీ అక్కడే పుట్టింది. విశ్వాసం ఒంటరితనాన్ని మాయం చేసిందని చెప్పే కథల కంటే ఇది నాకు నమ్మదగ్గదిగా ఉంది.

చివరికి 1888లో తోడు దొరికింది. ఆ ఏడాది వచ్చినవాళ్ళలో ఫాదర్ వెండెలిన్ ఒకడు. 1889 మార్చి 30న, మరణానికి పదహారు రోజుల ముందు, డేమియన్ తన జీవితకాలపు పాపాలన్నీ ఆయనకి చెప్పుకున్నాడు. ఈసారి అరవాల్సిన పని లేదు. అది అయ్యాక, వెండెలిన్ తన పాపాల్ని డేమియన్‌కి చెప్పుకున్నాడు.