ఇప్పాకు, బాప్తిస్మం నీళ్లు

మన బూర్గంపాడు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో గోదావరి అవతల దుమ్ముగూడెం ఇంగ్లీషోళ్ల కింద ఉండేది. అక్కడ నది పనులు చూసే ఇంజనీరు హేగ్ దొర చొరవతో 1860ల్లో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది.

తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దొర మన తాతల నాటి పేరు పెట్టే ఆచారాన్ని రాసిపెట్టాడు. పుట్టిన ఏడో రోజున చుట్టాలంతా చేరి, బిడ్డ చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలికేవాళ్లు. గుప్పిట మూస్తే ఒప్పుకున్నట్టు. ఏడ్చినా, ఆకు వదిలేసినా ఇంకో ఆకు, ఇంకో పేరు. పసిగుడ్డునే అడిగారు, చూడండి!

మిషన్‌ది ఆంగ్లికన్ పద్ధతి. అందులో బిడ్డ తరఫున పెద్దలు మాటిస్తారు. ఎదిగాక కన్ఫర్మేషన్‌లో ఆ మాట తనే సొంత నోటితో చెప్పాలి. అంటే అక్కడా అడుగుతారు, కాకపోతే ఆలస్యంగా. 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాక కూడా ఈ పద్ధతి కొనసాగింది. బాప్టిస్టులైతే నమ్మాకే ముంచుతారు.

బాప్తిస్మం తీసుకుంటే కోయోళ్లు కాదని కొందరు వాదిస్తున్నారు. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు. ఎస్సీల ఉత్తర్వులోనే ఉంది. మా దిగులు వేరు. చర్చి ఇళ్లల్లో పుట్టిన మేం బైబిలు పేర్లు గడగడా చెప్తాం, ఇప్పాకు సంగతి మాత్రం హాస్టల్‌కొచ్చాక పుస్తకంలో చదివాం. అదీ ఒక దొర రాస్తే! మీ గూడెంలో అవ్వలకెవరికైనా గుర్తుంటే అడిగి ఇక్కడ రాయండి.